టీ తాగి వచ్చేలోపే పోయే నెట్

మాది తెనాలిలో చిన్న జిరాక్స్ షాపు. దరఖాస్తులు, పరీక్ష ఫీజులు ఆన్‌లైన్‌లో కడతాను. నిరుడు వానాకాలంలో షాపు కంప్యూటర్‌కి ఒక వింత జబ్బు పట్టుకుంది. పని చేస్తున్నంతసేపూ నెట్ బాగానే ఉంటుంది. ఎవరూ లేరు కదా అని పక్కకెళ్లి టీ తాగి వస్తే, కింద మూలన నెట్ లేదని చెప్పే భూగోళం బొమ్మ. వైరు పీకి పెడితే నెట్ మళ్లీ వస్తుంది.

ఒకరోజు డిగ్రీ పిల్ల ఫీజు కడుతోంది. ఓటీపీ కోసం ఇద్దరం ఆమె ఫోన్ వంక చూస్తున్నాం. ఆ కాసేపట్లోనే నెట్ పోయింది. డబ్బు కట్ అయింది, రసీదు రాలేదు. ఆ పిల్ల కళ్లలో నీళ్లు. రసీదు సాయంత్రానికి వచ్చిందనుకోండి, కానీ అప్పటిదాకా నా టెన్షన్ అంతా ఇంతా కాదు.

కంప్లైంట్ ఇస్తే లైన్ చూసే కుర్రాడు వచ్చాడు. "అక్కా, లైన్ బానే ఉంది, ఇదిగో నా ఫోన్లో వస్తోంది" అని వైఫైలో వీడియో పెట్టి చూపించాడు. అప్పటికి నాకది తప్పించుకునే మాటలా అనిపించింది గానీ, నిజానికి అసలు ఆధారం అదే. అదే రౌటర్, ఫోన్‌కి వస్తోంది, కంప్యూటర్‌కి రావడం లేదు. మరి తప్పు ఎక్కడున్నట్టు?

వెళ్లే ముందు ఆ కుర్రాడు సెట్టింగ్స్‌లో లింక్ స్పీడ్, అంటే రౌటర్‌కీ కంప్యూటర్‌కీ మధ్య వైరు వేగం, చూశాడు. 100/100 అని ఉంది. "కంప్యూటర్లో వైరు గుచ్చే నెట్‌వర్క్ కార్డు గిగాబిట్‌ది, 1000 చూపించాలక్కా" అన్నాడు. నా ప్లానే 100 ఎంబీపీఎస్ కాబట్టి నాకెప్పుడూ అనుమానం రాలేదు. వైరు చివరి ప్లగ్గు తీసి వెలుతురుకి పట్టి చూపించాడు. ఎనిమిది తీగల్లో గోధుమ రంగు తీగ ఒకటి లోపలిదాకా వెళ్లనే లేదు. 100కి నారింజ, ఆకుపచ్చ జతలు రెండూ చాలట, 1000కి నాలుగు జతలూ కావాలట. కోసి కొత్త ప్లగ్గు వేశాడు, 1000 వచ్చింది. హమ్మయ్య అనుకుని టీకి వెళ్లాను. తిరిగొస్తే భూగోళం.

ఆ రాత్రి షట్టర్ సగం దించి కూర్చున్నాను. కమాండ్ ప్రాంప్ట్‌లో రౌటర్‌కే పింగ్ పెట్టాను, అంటే "ఉన్నావా" అని అడిగి జవాబు కోసం చూడటం. రౌటర్ అడ్రస్ 192.168.1.1, ఆపేదాకా అడుగుతూనే ఉండటానికి వెనకాల మైనస్ టీ. ఏ పనీ చేయకుండా చూస్తూ కూర్చుంటే కాసేపటికి జవాబులు ఆగిపోయాయి. పెద్ద ఫైలు దించుతూ చూస్తే ఒక్కసారీ ఆగలేదు. ఖాళీగా ఉంటేనే పోతోందన్నమాట.

డివైస్ మేనేజర్‌లో నెట్‌వర్క్ కార్డు మీద రెండుసార్లు నొక్కితే రెండు చోట్ల కరెంటు ఆదా సంగతులు కనిపించాయి. పవర్ మేనేజ్‌మెంట్‌లో, ఆదా కోసం ఈ పరికరాన్ని ఆపేయొచ్చు అన్న టిక్కు ఒకటి. అడ్వాన్స్‌డ్‌లో ఎనర్జీ ఎఫిషియెంట్ ఈథర్నెట్ అనేది ఇంకొకటి. ఈ రెండోది 2010లో వచ్చిన ప్రమాణం. డేటా లేనప్పుడు లైన్ కునుకు తీస్తుంది, పని పడగానే లేస్తుంది. అటు రౌటర్, ఇటు కార్డు, రెండూ ఒక లెక్కన పడుకుని ఒక లెక్కన లేవాలి. కొన్ని రౌటర్లకీ కార్డులకీ ఆ పొత్తు కుదరదు. మిగిలే కరెంటు చూస్తే చాలా కొంచెం, షాపులో ఫ్యాను ముందు అదెంత!

చిరాకులో రెండూ ఒకేసారి తీసేశాను. నెట్ నిలబడింది. ఏది తీస్తే నిలబడిందో మాత్రం తెలియలేదు. ఇది నా పాత అలవాటే, కూర బాలేకపోతే ఉప్పూ కారం ఒకేసారి వేస్తాను.

కొన్ని వారాలు హాయిగా గడిచాయి. తర్వాత అప్‌డేట్‌తో కార్డుకి కొత్త డ్రైవర్, అంటే దాన్ని నడిపే సాఫ్ట్‌వేర్, వచ్చింది, మళ్లీ భూగోళం. చూస్తే రెండు సెట్టింగులూ మొదటికొచ్చాయి! ఈసారి బుద్ధిగా ఎనర్జీ ఎఫిషియెంట్ ఈథర్నెట్ ఒక్కటే డిసేబుల్ చేసి, టిక్కు అలాగే ఉంచాను. వారం చూశాను, ఒక్కసారీ పోలేదు. దొంగ దొరికింది.

ఇప్పుడు ఏ డ్రైవర్ అప్‌డేట్ వచ్చినా ముందు అక్కడికే వెళ్తాను. మర్చిపోకుండా ఆ సెట్టింగ్ పేరు, మార్చిన తేదీలు కాగితం మీద రాసి మానిటర్ పక్కన అంటించాను. ధరల పట్టీ అనుకుని దాన్ని ఆసాంతం చదివి, "లామినేషన్ ఎంతో రాయలేదేంటమ్మా?" అని అడిగిన పెద్దాయన కూడా ఉన్నాడు.