తల ఎముక పగిలితే కట్టు ఎందుకు కట్టరు?

పిల్లల అత్యవసర విభాగంలో పనిచేసే నన్ను చాలామంది తల్లిదండ్రులు అడిగే ప్రశ్న ఒకటుంది. మంచం మీద నుంచి పడిన ఏడు నెలల పాపను ఒళ్లో పడుకోబెట్టుకుని ఒక తల్లి దాన్ని అందరికంటే సూటిగా అడిగారు: "డాక్టరుగారూ, చెయ్యి విరిగితే కట్టు కడతారు కదా, తల ఎముకే పగిలిందని చెబుతూ ఇంటికి తీసుకువెళ్లమంటారేమిటి?" ఆమెకు ఆ పూట హడావుడిగా ఇచ్చిన జవాబు నాకే తృప్తినివ్వలేదు కనుక, అదే జవాబును ఇక్కడ తీరికగా రాస్తున్నాను.

పసిపిల్లల పుర్రె పెద్దల పుర్రెలాగా బిగుసుకుపోయి ఉండదు. అది కొన్ని పలుచని ఎముక పలకలు, వాటిని కలిపే అతుకులు, నడినెత్తిన వేలికి మెత్తగా తగిలే మాడు కలిసిన నిర్మాణం. ముందు మాడు సాధారణంగా 12 నుంచి 18 నెలల మధ్య పూడుకుంటుంది. ఎముక పలుచగా ఉండటం వల్ల చిన్న దెబ్బకే పగలవచ్చు గాని, పెరిగే వయసు కావడం వల్ల అంతే త్వరగా అతుక్కుంటుంది. పిల్లల్లో మనం చూసే పగుళ్లలో ఎక్కువ భాగం తల పక్క ఎముకలో సన్నని గీతలా ఉంటాయి. చేతికి కట్టు కట్టేది విరిగిన ముక్కలు కదలకుండా ఉండటానికి. తలలో ఆ ముక్కలను లాగే కీలు ఏదీ లేదు, చుట్టూ ఉన్న ఎముకే వాటిని పట్టి ఉంచుతుంది. అందుచేత మా దృష్టి అంతా ఎముక మీద కాక, దాని కిందనున్న మెదడు మీద ఉంటుంది.

ఆ పాప చెవికి పైన, వేలితో తాకితే లోపల నీరు నిండినట్టు మెత్తగా కదిలే వాపు ఉంది. పడిన రోజు ఏమీ కనిపించలేదనీ, మరునాడు స్నానం చేయిస్తుంటే చేతికి తగిలిందనీ తల్లి చెప్పారు. ఇలా ఆలస్యంగా బయటపడటం సాధారణమే. నుదుటి మీద గట్టిగా కట్టిన బొప్పి కంటే, తల పక్కనో వెనకనో ఇలా మెత్తగా ఉండే వాపును మేము ఎక్కువ జాగ్రత్తగా చూస్తాము, ఎందుకంటే దాని కింద పగులు ఉండే అవకాశం ఎక్కువ.

అయితే తలకు దెబ్బ తగిలిన ప్రతి బిడ్డకూ సీటీ స్కాన్ తీయకూడదు; ఎదిగే మెదడుకు అనవసరమైన రేడియేషన్ మంచిది కాదు. ఎవరికి తీయాలన్న విషయంలో 2009లో లాన్సెట్ అనే వైద్య పత్రికలో వెలువడిన పెకార్న్ (పిల్లల అత్యవసర విభాగాల పరిశోధన బృందం) అధ్యయనం మాకు దారి చూపింది. అమెరికాలో 42,412 మంది పిల్లలను పరిశీలించి చేసిన ఆ అధ్యయనం ప్రకారం, రెండేళ్లలోపు పిల్లల్లో చూడవలసినవి ఇవి: మగతగా ఉండటం, తల తడిమితే పుర్రెలో పగులు తెలియడం, నుదురు కాక తలలో మరోచోట వాపు, 5 సెకన్లు లేదా అంతకు మించి స్పృహ తప్పడం, 3 అడుగులకు పైబడిన ఎత్తు నుంచి పడటం వంటి తీవ్రమైన దెబ్బ, బిడ్డ ఎప్పటిలా లేదని తల్లిదండ్రులకు అనిపించడం. ఈ చివరి అంశం అంటే నాకు ప్రత్యేకమైన గౌరవం. "ఎందుకో నా బిడ్డ నా బిడ్డలా లేదండీ" అన్న మాటను ఏ డాక్టరూ తేలిగ్గా తీసుకోకూడదు.

స్కాన్‌లో గీతలాంటి పగులు తప్ప రక్తస్రావం లేకుండా, బిడ్డ హుషారుగా పాలు తాగుతూ ఉంటే, కొన్ని గంటలు కనిపెట్టి చూసి ఇంటికి పంపవచ్చు. మరీ చిన్న పసికందులను, వాపు పెద్దగా ఉన్నవారిని ఆసుపత్రిలోనే ఉంచుకుంటాము. పసివాళ్లలో తల చర్మం కింద చేరే రక్తం కూడా వారి శరీరానికి తక్కువేమీ కాదు. నొప్పికి బరువును బట్టి పారాసెటమాల్ ఇస్తాము. వాపులోకి సూది గుచ్చి రక్తం తీయము, తీస్తే క్రిములు చేరే ప్రమాదం ఉంది. ఇంట్లో కూడా దాన్ని పిండకూడదు, మర్దన చేయకూడదు. బిడ్డను నిద్రపోనివ్వవచ్చు, కాని లేపినప్పుడు ఎప్పటిలా లేవాలి. మళ్లీ మళ్లీ వాంతులు, లేపినా లేవని మగత, ఫిట్స్, ఊరుకోబెట్టలేని ఏడుపు, మాడు ఉబ్బడం, ఒక చెయ్యి గాని కాలు గాని సరిగా కదపకపోవడం, ముక్కు నుంచో చెవి నుంచో నీళ్లలాంటి ద్రవం కారడం, వీటిలో ఏది కనిపించినా తెల్లవారేదాకా ఆగకూడదు.

ఆపరేషన్ అవసరమయ్యేవారు తక్కువ. ఎముక తన మందం కంటే లోతుగా లోపలికి దిగినా, పైన చర్మం తెగి గాయంలో మట్టి చేరినా, మెదడు పొర చిరిగినా న్యూరోసర్జన్ శుభ్రం చేసి ఎముకను పైకి లేపి పొరను కుడతారు. పుర్రె అడుగు భాగం పగిలినప్పుడు కళ్ల చుట్టూ, చెవి వెనక నల్లగా కమలడం కనిపిస్తుంది. అప్పుడు చెవిలోంచి కారే నీరు చాలావరకు కొద్ది రోజుల్లో దానంతట అదే ఆగుతుంది, దాన్ని దూదితో కుక్కి మూయకూడదు. నెలల పిల్లల్లో మాత్రం ఎముక పగలకుండా, నొక్కిన టేబుల్ టెన్నిస్ బంతిలా సొట్ట పడటం కూడా ఉంటుంది. అలాంటి సొట్టల్లో కొన్ని వాటంతటవే సర్దుకుంటాయి, కొన్నింటిని పై నుంచి గాలి పీల్చే సాధనంతో లేపుతారు.

ఇంకా బోర్లా పడటం రాని పసికందు తల పగిలి, చెప్పిన కారణం ఆ గాయానికి సరిపోకపోతే, బిడ్డను ఎవరైనా గాయపరిచారేమో తెలుసుకోవడానికి ఒళ్లంతా ఎక్స్‌రేలు తీయవలసి వస్తుంది. అది తల్లిదండ్రులను దోషులుగా నిలబెట్టడానికి కాదు. నోరు లేని బిడ్డ తరఫున అడగవలసిన ప్రశ్న అది, మేము అడగకపోతే ఇంకెవరూ అడగరు.

నేను ఎక్కువగా పట్టుబట్టేది తర్వాతి పరీక్షకు తప్పక రావాలన్న విషయంలో. మూడేళ్లలోపు పిల్లల్లో అరుదుగా, పగులు కింద మెదడు పొర కూడా చిరిగి ఉంటే, మెదడు కొట్టుకునే ఒత్తిడికి ఆ సందు పూడకపోగా వారాలు, నెలలు గడిచేకొద్దీ వెడల్పవుతుంది. తగ్గిందనుకున్న వాపు మళ్లీ పైకి రావడం, దాని మీద చెయ్యి వేస్తే కొట్టుకున్నట్టు ఉండటం దాని గుర్తులు. దానికి ఆపరేషన్ తప్పదు, ముందుగా పట్టుకుంటే మేలు.

ఆ తల్లి రెండు నెలల తర్వాత చెప్పిన రోజుకే వచ్చారు. పాప నా స్టెతస్కోపు నోట్లో పెట్టుకునే ప్రయత్నంలో ఉండగా, చెవి పైన వాపు ఉన్న చోట వేళ్లతో నెమ్మదిగా తడిమి చూశాను. వాపు లేదు, సందు లేదు, ఎముక అంతా నునుపుగా తగిలింది. ఆమె చేతిని కూడా తీసుకుని అక్కడే ఉంచాను.