జలగకు ఏ మందు, ఎంత, ఏ నెలలో

నట్టల మందు తాగించినా గేదె బక్కచిక్కుతూనే ఉందంటే, ఆ మందు అసలు కార్జపు జలగ (కార్జంలో చేరే చదును పురుగు, లివర్ ఫ్లూక్) మీద పనిచేసేదేనా అన్నది ముందు చూడాలి. చాలా ఇళ్లలో ఆల్బెండజోల్ 100 మి.లీ. సీసా తెచ్చి, పెద్ద గేదెకు ఒక సీసా లెక్కన పోసేస్తారు. అది 2.5 శాతం మందైతే సీసా మొత్తంలో ఉన్నది రెండున్నర గ్రాములే. 400 కిలోల గేదెకు కిలోకు ఆరు మి.గ్రా. పైచిలుకు పడినట్టు. ఏలికపాములకే కిలోకు 7.5 మి.గ్రా. కావాలి, కార్జపు జలగకు 10. అంటే 160 మి.లీ. పోయాలి. పోసినా చచ్చేది ఎదిగిన జలగలే, కార్జాన్ని తొలుచుకుంటూ తిరిగే పిల్ల జలగలకు ఏమీ కాదు. ఐవర్‌మెక్టిన్ సూదిమందు సంగతైతే చెప్పనక్కర్లేదు, జలగ మీద అది అస్సలు పనిచేయదు.

బరువు కంటితో అంచనా వేస్తే దాదాపు ఎప్పుడూ తక్కువే చెబుతాం. టేపు పెట్టండి. ముందు కాళ్ల వెనక ఛాతీ చుట్టుకొలత, భుజం మొన నుంచి తోక పక్కన పొడుచుకొచ్చిన ఎముక దాకా పొడవు, రెండూ అంగుళాల్లో తీసుకోండి. చుట్టుకొలతను చుట్టుకొలతతో, వచ్చినదాన్ని పొడవుతో హెచ్చించి 660తో భాగిస్తే కిలోలు వస్తాయి. చుట్టుకొలత 70, పొడవు 55 అయితే బరువు 408 కిలోలు.

మన దగ్గర పశువులకు పట్టేది ఎక్కువగా ఫాసియోలా జైగాంటికా. ఆకులా చదునుగా, రెండున్నర నుంచి ఏడు సెం.మీ. పొడవుంటుంది. పిత్తనాళాల్లో కూర్చుని రక్తం తాగుతుంది, గుడ్లు పేడతో బయట పడతాయి. పేడ నీళ్లలో కలిస్తే మన ఎండలకు రెండు మూడు వారాల్లో గుడ్డు పగులుతుంది. అందులోంచి వచ్చిన పిల్లకు ఒక్క రోజులోపు నత్త దొరక్కపోతే చావే. దొరికితే మాత్రం ఒక్కటి వందలవుతుంది. నత్తలోంచి బయటపడి, నీళ్లలో మునిగిన గడ్డికాడలకు గింజల్లా అంటుకుని ఉంటుంది. ఆ నత్త లిమ్నియా. పల్చటి పెంకు, చెవిలా వెడల్పాటి నోరు, రెండు సెం.మీ. అటూఇటూ పొడవు, నోటికి మూత ఉండదు. పొలంలో కనిపించే మూత ఉన్న పెద్ద నత్తగుల్ల వేరు, దానికీ జలగకూ సంబంధం లేదు.

మేతతో లోపలికి వెళ్లిన పిల్ల జలగ పేగును చీల్చుకుని కార్జంలోకి దూరి, తొలుచుకుంటూ తిరిగి పిత్తనాళం చేరి గుడ్లు పెట్టేసరికి మూడు నుంచి నాలుగు నెలలు. మందు వేసే నెల ఈ లెక్క మీదే తేలుతుంది. వర్షాకాలంలో పట్టినవి జనవరికి ఎదుగుతాయి, అప్పుడొక మోతాదు. ఆ తర్వాత చెరువులు తగ్గి, పశువులు శిఖంలోకి (నీళ్లు తీసిన చెరువు నేలలోకి) దిగి అంచున పచ్చగా ఉన్న గడ్డి మేస్తాయి. అసలు బెడద అక్కడే. సంక్రాంతి తర్వాత అక్కడ పట్టినవి జనవరి మందుకు అందవు. కాబట్టి మే చివర, తొలకరి పడకముందు రెండో మోతాదు. ఇది తప్పితే జూన్‌లో కొత్త నీళ్లలో గుడ్లు మనమే చల్లినట్టు.

పాడి గేదెకు ఆక్సిక్లోజనైడ్ మేలు. కిలోకు 10 మి.గ్రా. అంటే 3.4 శాతం మందు 400 కిలోలకు సుమారు 118 మి.లీ., ఒక గ్రాము బిళ్లలైతే నాలుగు. ఒకటి రెండు రోజులు పారుకుంటే కంగారు పడొద్దు. పాలు ఎన్ని పూటలు వాడకూడదో లేబుల్ మీద ఉంటుంది, అది పాటించాలి. పిల్ల జలగలను కూడా చంపేది ట్రైక్లాబెండజోల్. ఆవుకు కిలోకు 12, గొర్రెకు 10 మి.గ్రా. గేదె ఒంట్లో మాత్రం అది అంత నిలవదు, 24 దాకా అవసరమని మన దేశపు పరిశోధనల్లోనే తేలింది. అందుకని గేదె మోతాదు డాక్టరుతోనే రాయించుకోండి, వట్టిపోయిన రోజుల్లోనే వాడండి. క్లోసాంటెల్, రాఫోక్సనైడ్ మోతాదు మించితే గొర్రెలకు, మేకలకు చూపు పోతుంది. చూలు కట్టిన మొదటి నెలన్నర ఆల్బెండజోల్ వద్దు.

తాగించేటప్పుడు మూతి ఆకాశానికి ఎత్తకండి. తల నేలకు సమాంతరంగా, కాస్త పైకి ఉంటే చాలు. గొట్టం మొన బుగ్గ పక్క నుంచి పెట్టి గుక్క గుక్కగా పోయాలి. నాలుక బయటికి లాగి పట్టుకోవద్దు, మింగలేదు. దగ్గిందా, వెంటనే తల వదిలేయాలి. పొలమారి ఊపిరితిత్తుల్లోకి పోయిన మందుతో చచ్చే గేదెలు ఉన్నాయి.

గొర్రెల్లో కథ వేరు. ఒకేసారి వందల కొద్దీ పిల్ల జలగలు కార్జంలోకి దూరితే పారుడు లేకుండా, దవడ వాపు లేకుండానే చచ్చిపడతాయి. అప్పుడు పేడలో ఒక్క గుడ్డు కూడా కనపడదు. కోసి చూస్తే పొట్టలో రక్తపు నీళ్లు, కార్జం మీద ఎర్రటి సొరంగాల జాడలు. నెమ్మదిగా పట్టినప్పుడే దవడ కింద నీరు దిగుతుంది. వేలితో నొక్కితే గుంట పడుతుంది, తల వంచి మేసి వచ్చిన సాయంత్రం ఎక్కువగా, తెల్లారేసరికి తక్కువగా ఉంటుంది. రక్తం పీల్చే కడుపు పురుగులున్నా, పొట్ట జలగలున్నా ఇదే వాపు వస్తుంది కాబట్టి పేడ పరీక్ష తప్పదు.

ఆ పరీక్ష తేలిక. పేడను నీళ్లలో కలిపి టీ వడపోతతో వడగట్టి, అడుగుకు దిగనిచ్చి, పైనీళ్లు పారబోసి మళ్లీ పోయాలి, నీళ్లు తేటపడేదాకా. జలగ గుడ్డు బరువు, తేలదు. ఉప్పునీళ్లలో తేల్చి చూసే పద్ధతిలో చేసి ‘గుడ్లు లేవు’ అన్న రిపోర్టు ఇందుకు పనికిరాదు. అడుగున మిగిలినదానిలో ఒక చుక్క మిథిలీన్ బ్లూ (నీలి రంగు) వేసి మైక్రోస్కోపులో చూస్తే కార్జపు జలగ గుడ్డు పసుపుగా, పొట్ట జలగ గుడ్డు రంగు లేకుండా కనిపిస్తుంది. మందలో ఐదారు జీవాల పేడ ఇవ్వండి, ఒక్కదానిది చాలదు.

మేత విషయానికొస్తే, వరికాడలో ప్రమాదమంతా నీళ్లలో మునిగిన కింది భాగంలోనే. కోత మిషన్ పైకి కోస్తుంది కనుక ఆ గడ్డి కొంత నయం. మొదలంటా చేత్తో కోసిందైతే మూడు రోజులు గట్టి ఎండలో పరిచాకే వేయండి. కోసిన తడి మడిలో మళ్లీ చిగురించిన దుబ్బులు మేపడం అన్నిటికంటే చెడ్డది. ఇండోనేషియాలో వరి రైతులతో చేయించిన పని ఒకటుంది. పశువుల పేడలో బాతుల పెంట కలిపి మడికి తోలతారు. బాతుల్లో ఉండే వేరే జలగ ముందు నత్తలో చేరి మన జలగ పిల్లల్ని తినేస్తుంది. డెల్టాలో కోతలయ్యాక బాతుల మందలు ఎలాగూ దిగుతాయి, నత్తల్నీ ఏరుకు తింటాయి. చెరువులో మైలుతుత్తం చల్లమని చెప్పేవాళ్ల మాట వినకండి, చేపలూ పోతాయి, గొర్రెలకూ విషం.

మందు వేశాక మూడు వారాలకు మళ్లీ పేడ చూపించండి. అంతకు ముందు చూస్తే పిత్తంలో మిగిలిన పాత గుడ్లే కనిపించి మందు పనిచేయలేదనిపిస్తుంది. మూడు వారాల తర్వాత కూడా గుడ్లుంటే మోతాదైనా చాలలేదు, లేదా మందైనా మార్చాలి.