క్లామత్‌లో ఒక్కక్షరపు ‘కి’

శాన్‌ఫ్రాన్సిస్కో నుంచి 101 హైవే మీద ఉత్తరానికి, క్లామత్ అనే చిన్న ఊరికి వచ్చేవాళ్లు పెట్రోలు దారిలోని యురేకా ఊళ్లోనే కొట్టించుకోవడం మంచిది. పైకి పోయేకొద్దీ రేటు మండిపోతుంది, రెడ్‌వుడ్ చెట్ల మధ్య ఫోన్ సిగ్నల్ కూడా పోతుంది. క్లామత్ నది వంతెన మీద బంగారు రంగు ఎలుగుబంటి బొమ్మలు కనిపిస్తే ఊరు వచ్చినట్టే. పాత వంతెన 1964 వరదకి పోయింది. ఊళ్లో తిరగడానికి అరగంట చాలు. మిగతా పూటంతా ఒక తిండి కొట్టు బయట బల్ల దగ్గరే గడిచింది. శాండ్‌విచ్ ధర చూసి సణుక్కుంటుంటే పక్కన కూర్చున్న కుర్రాడు నవ్వాడు. హైస్కూల్లో యురోక్ చదివాడట, ఈ నది ఒడ్డున ఉండే యురోక్ తెగవాళ్ల భాష. ఇక్కడి బళ్లలో ఆ భాష పాఠంగా ఉంది.

‘నెపెక్’ అంటే నేను తినడం. చివరి క దగ్గర గొంతు బిగించి ఠక్కున వదలాలి. మామూలు క లాగా జారవిడిస్తే వాళ్ల చెవికి తప్పు తెలిసిపోతుంది. ‘నెపెక్’లో ఎవరన్నది ఉంది, ఎప్పుడన్నది లేదు. నువ్వు తింటే రూపం మారుతుంది, రేపు తింటే మారదు. కాలం చెప్పాలంటే క్రియకి ముందు ఒక చిన్న మాట నిలబడాలి. ‘కి నెపెక్’ అంటే తింటాను, ఇకముందు. ‘కిచ్ నెపెక్’ అంటే తినేశాను. జరిగిపోయినదానికి ‘హో’ కూడా ఉంది. ముందు ఏదీ లేకపోతే సందర్భాన్ని బట్టి కాలం గ్రహించాలి. అందులో మనకి కొత్తేమీ లేదు. ‘వస్తాను’ అన్న ఒక్క మాటతోనే రోజూ రావడమూ, రేపు రావడమూ సర్దుకుంటున్నాం.

తెలుగువాడు దెబ్బతినేది ఇంకో చోట. మనకి కాలం తోకలో ఉంటుంది కాబట్టి వాక్యం చివరిదాకా చెవి కాచుకుని ఉంటాం. అక్కడ అది ముందే వచ్చి వెళ్లిపోతుంది. పైగా ‘కి’ మన విభక్తి లాగే వినిపిస్తుంది, దాన్ని అంతకు ముందున్న మాటకి అతికించి వింటే వాక్యం గల్లంతే. ‘కి’, ‘కిచ్’ల తేడా అంతకంటే ప్రమాదం. గబగబా మాట్లాడితే చ సన్నగా వినపడుతుంది. ఇకముందు తింటానన్నాడో, తినేశానన్నాడో తెలియదు. కుర్రాడు ఆ రెండు వాక్యాలూ మార్చి మార్చి అన్నాడు, నేను క్రియని వదిలేసి దాని ముందు మాటనే పట్టుకోవడం మొదలుపెట్టాకే తేడా దొరికింది. నేర్చుకునేవాళ్లు చేయాల్సిందీ అదే: ఒక్క క్రియనే తీసుకుని ముందు మాట మాత్రం మారుస్తూ పోవడం.

యురోక్‌ని చిన్నప్పటి నుంచీ మాట్లాడిన చివరి పెద్దాయన 2013లో పోయాడు. ఇప్పుడు ఆ మాటలు రికార్డింగుల్లోంచీ, బళ్లలోంచీ వస్తున్నాయి. నది కథ మాత్రం ఇంకో దారి పట్టింది: ఎగువన నాలుగు ఆనకట్టలు తీసేయడం 2024లో పూర్తయింది, కొద్ది వారాలకే సాల్మన్ చేపలు అవి ఉన్న చోటు దాటి పైకి ఎక్కాయి. పడవ షికారు కూడా ఉంది, రెడ్‌వుడ్ దుంగని తొలిచిన పడవలో. టికెట్ నా జేబుకి అందలేదు.

బర్క్లీ విశ్వవిద్యాలయంవాళ్ల యురోక్ నిఘంటువు ఆన్‌లైన్లో ఉంది, ధ్వని రికార్డులతో సహా. బయల్దేరే ముందే విని పెట్టుకోండి. క్లామత్ దగ్గరికి వచ్చాక తెరుద్దామంటే తెరుచుకోదు.