జ్వరపడ్డ దేవుణ్ణి చూడబోయి

పూరీకి అందరూ రథయాత్రకి వెళ్తారు. నాకు మాత్రం దర్శనం లేని రోజుల్లో వెళ్ళాలని చాలాకాలంగా కోరిక. కారణం ఉదయనాచార్యుడు.

ఆయన సుమారు వెయ్యేళ్ళ కిందటి తార్కికుడు. దేవుణ్ణి నమ్మండి అని ఊరుకోలేదు, రుజువు చేస్తానన్నాడు. ఆయన పుస్తకం ‘న్యాయకుసుమాంజలి’ అంతా ఆ పనే. ఆయన పూరీ చేరేసరికి గుడి తలుపులు మూసి ఉన్నాయట. ఐశ్వర్యం తలకెక్కి నన్ను లెక్కచేయడం లేదు, రేపు బౌద్ధులు వాదానికొస్తే నీ ఉనికి నా చేతిలోనే ఉంటుంది సుమా అని జగన్నాథుణ్ణే దబాయించాడని కథ. కథే, చరిత్ర కాదు. ఇప్పుడున్న గుడికి పునాది వేసిన చోడగంగదేవుడు 12వ శతాబ్దం వాడు, ఉదయనుడికి తర్వాతివాడు. అయినా భక్తుల కథల్లో ఇంత పొగరున్న భక్తుడు నాకింకొకడు తగల్లేదు.

శ్రీకాకుళం పిన్నికి ఈ గొడవేదీ చెప్పలేదు. ఇప్పుడెళ్తే స్వామి కనబడడని మాత్రం చెప్పాను. “అయితే ఏటి? జొరమొచ్చినోడిని చూడ్డానికెళ్ళమా?” అని సంచి సర్దేసింది. ఆమదాలవలసలో రైలెక్కాం.

జ్యేష్ఠ పౌర్ణమి నాడు 108 కుండల నీళ్ళతో స్నానం చేయిస్తారు. ఆ తడికి స్వామికి జ్వరం. పక్షం రోజులు చాటున ఉంటాడు, మూలికల మందులు పుచ్చుకుంటాడు. ఆ రోజుల్ని అణసర అంటారు. మూలమూర్తుల బదులు గుడ్డ మీద వేసిన పటచిత్రాలకి పూజ. పిన్ని ఆ పటానికే దణ్ణం పెట్టి, ఒంట్లో ఎలాగుందని నెమ్మదిగా అడిగింది. జవాబు కోసం ఆగినట్టు కూడా అనిపించింది నాకు.

బయట వీధిలో మట్టి కుండలు కనబడ్డాయి. గుడి వంటశాలలో ఒకసారి వండిన కుండలో మళ్ళీ వండరు, కాబట్టి ఈ ఊళ్ళో కుమ్మరికి పనికి కొదవుండదు. నైయాయికుల, అంటే ఉదయనుడి లాంటి న్యాయశాస్త్ర తార్కికుల, వాదం కూడా కుమ్మరి దగ్గరే మొదలవుతుంది. కుండకి కర్త ఉన్నట్టే, కార్యమైన, అంటే ఏదో కారణం వల్ల పుట్టిన, ఈ భూమికీ కర్త ఉండాలి. అయితే ఉదయనుడికి ఎంతో ముందే బౌద్ధ తార్కికుడు ధర్మకీర్తి అడిగేశాడు: పుట్ట కూడా మట్టిదే కదా, దాన్నీ కుమ్మరే చేశాడా? బౌద్ధుణ్ణి పక్కన పెడదామన్నా, వేదమే ప్రాణమైన కుమారిలభట్టు సైతం సృష్టికర్తని ఒప్పుకోలేదు. సృష్టికి ముందు ఎవరూ లేనప్పుడు ఆ సంగతి చూసి చెప్పిందెవరంటాడు. ఈ రెండు ప్రశ్నలకీ ఇప్పటిదాకా నాకు సరిపడే జవాబు దొరకలేదు.

అణసరలో యాత్రికులు పూరీకి దగ్గర్లోని బ్రహ్మగిరిలో ఉన్న అలర్నాథుడి (విష్ణువు) గుడికి వెళ్తారు. చైతన్య మహాప్రభు జగన్నాథుడు కనబడని ఈ రోజుల్లో బెంగతో అక్కడికే వెళ్ళాడని, ఆయన సాగిలపడిన చోట రాయి కరిగిందని చెబుతారు. రాయి కరగడం నేను నమ్మను, బెంగ నమ్ముతాను. అక్కడి పరమాన్నం మాత్రం ఏ ప్రమాణమూ అక్కర్లేనంత బాగుంది.

తిరుగుదారిలో నవకళేబరం మాటొచ్చింది. అధికాషాఢం వచ్చిన కొన్ని ఏళ్ళలో, ఈమధ్య 2015లో, కొయ్య విగ్రహాలు మార్చారు. పాత విగ్రహంలోంచి బ్రహ్మపదార్థాన్ని, అంటే స్వామి ప్రాణంగా భావించేదాన్ని, కొత్తదానిలోకి చేర్చే పెద్ద దయితాపతులు (స్వామి సేవకులు) కళ్ళకి గంతలు కట్టుకుంటారు, చేతులకి గుడ్డ చుట్టుకుంటారు. అదేమిటో చూడరు, ముట్టుకున్నా స్పర్శ తెలియనివ్వరు. తలుపు బయటున్న ఉదయనుడికి రుజువులు కావలసొచ్చాయి. లోపలికి వెళ్ళగలిగినవాళ్ళేమో తెలుసుకోకూడదనే ఏర్పాటు చేసుకున్నారు. తెలియకపోవడాన్ని ఇంత జాగ్రత్తగా కాపాడుకోవడం మూఢత్వమని కొట్టిపారేయలేను. అలాగని అది జ్ఞానమనీ అనలేను. కుమారిలుడి ప్రశ్న ఆ గదిలోకీ వస్తుంది.

“నేనైతే గంతలు కట్టించుకోను పిన్నీ, ఓరగా అయినా చూస్తాను” అన్నాను.

“అందుకే నిన్ను దయితాపతిగా పుట్టించలేదు ఆయన” అంది, కిటికీలోంచి చూస్తూ.

అదీ కుమ్మరి వాదమే. కాదనడానికి పుట్ట సంగతి ఎత్తబోయాను గాని, పలాసలో జీడిపప్పు కొనాలంటూ తను అప్పటికే లేచింది.