ఖడ్గం అడిగిన బిషప్పులు

"కైసరువి కైసరునకును, దేవునివి దేవునికిని చెల్లించుడి" (మత్తయి 22:21). ఈ వచనాన్ని చాలామంది పన్నుల సంగతిగానే చదివి ముందుకు వెళ్ళిపోతారు. 385 ప్రాంతంలో, నేటి జర్మనీలోని ట్రియర్ పట్టణంలో జరిగింది తెలిశాక నాకు అలా చదవబుద్ధి కావడం లేదు.

313లో రోమా సామ్రాజ్యంలో క్రైస్తవులకు ఆరాధనా స్వేచ్ఛ దొరికింది. 380లో థియోడోసియస్ చక్రవర్తి కుమారుడు తండ్రితో సమానుడని నైసియా సభ ఒప్పుకున్న విశ్వాసాన్ని రాజ్యమతం చేశాడు. తాతలను చెరసాలల్లో వేసిన ప్రభుత్వం గడపలోకే మనుమలు ఫిర్యాదులు పట్టుకెళ్ళారు. స్పెయిన్‌లోని ఆవిలా బిషప్పు ప్రిసిల్లియన్‌ది దుర్బోధ అని తోటి బిషప్పులు పట్టుబట్టారు. ఆయన కూడా బిషప్పుల సభ తీర్పు వద్దని అప్పుడు ట్రియర్ నుంచి పశ్చిమ ప్రాంతాలను ఏలుతున్న చక్రవర్తి మాక్సిమస్ దగ్గరికే వెళ్ళాడు. ఇథాసియస్ అనే బిషప్పు అక్కడ దగ్గరుండి కేసు నడిపించాడు.

నేటి ఫ్రాన్స్‌లోని టూర్స్ బిషప్పు మార్టిన్ అప్పుడు ట్రియర్‌లోనే ఉన్నాడు. ఒకప్పటి సైనికుడు. ఒకసారి ఈ మాక్సిమస్ విందులోనే, చక్రవర్తి మార్టిన్ చేతి నుంచి అందుకుందామని ఎదురుచూస్తుండగా, గిన్నెను పక్కనున్న తన పాదిరికి ఇచ్చిన మనిషి. రక్తం చిందించొద్దు, సంఘం నుంచి వెలివేస్తే చాలు అని చక్రవర్తిని బతిమాలాడు, మాట తీసుకున్నాడు. ఆయన ఊరు దాటాక ప్రిసిల్లియన్‌నూ మరికొందరినీ తల నరికి చంపారు. పెట్టిన నేరం చేతబడి. మనస్సాక్షి దేవునిది. దాన్ని కైసరు చేతికి అప్పజెప్పింది కైసరు మనుషులు కాదు, ప్రభువు బల్ల వడ్డించే చేతులే. నన్ను ఎక్కువగా బాధపెట్టేది ఇదే. పోనీ, ఆ బోధ ఆగిందా? శవాలను స్పెయిన్ తీసుకెళ్ళి హతసాక్షులుగా గౌరవించారు, బోధ ఇంకా పాకింది.

మార్టిన్ మళ్ళీ వచ్చేసరికి మిగిలినవాళ్ళను వేటాడడానికి స్పెయిన్‌కు అధికారులను పంపబోతున్నారు. ఇథాసియస్ పక్షంతో కలిసి బల్లలో పాల్గొంటే ఆపుతానన్నాడు మాక్సిమస్. ఆ ప్రాణాల కోసం మార్టిన్ ఒక్క రోజు పాల్గొన్నాడు. నేనైతే ఆయన్ని తప్పుపట్టలేను. ఆయన మాత్రం తన్ను తాను క్షమించుకోలేదు. దారిలో అడవి దగ్గర ఒంటరిగా కూర్చుని కుమిలిపోయాడని ఆయన శిష్యుడు సల్పీషియస్ సెవెరస్ రాశాడు. ఆ తర్వాత చనిపోయేదాకా ఏ బిషప్పుల సభకూ మార్టిన్ వెళ్ళలేదు.