తొమ్మిదో తరగతి పాట

మేముండేది టెనెసీలో, నాష్‌విల్‌కి దక్షిణంగా ఉన్న ఫ్రాంక్లిన్‌లో. ఇక్కడ పిల్లలకి గిటార్ నేర్పించడం మనవైపు సంగీతం క్లాసుకి పంపినంత మామూలు. మా అమ్మాయి తొమ్మిదో తరగతి. పోయిన చలికాలమంతా గది తలుపు వేసుకుని ఒకటే పాట వాయించేది. పప్పులో తాలింపు వేస్తూ వినేదాన్ని, బాణీ బాగుందనుకునేదాన్ని. మాటలు ఒకరోజు చెవిన పడ్డాయి. ఎండాకాలమంతా కలిసి తిరిగిన అబ్బాయి దూరమయ్యాడు. నాకిష్టమైన పాట పాడిన ఆ గాయకుడు గుర్తొస్తే నేనూ గుర్తు రావాలి అంటోంది పాటలోని పిల్ల.

గుండె ఝల్లుమంది. తలుపు తీసి "ఎవరి గురించే?" అన్నాను.

"టేలర్ స్విఫ్ట్ ఫస్ట్ సాంగ్ అమ్మా, 'టిమ్ మెగ్రా'" అంది. నేనడిగింది అది కాదని దానికీ తెలుసు. ఆ రాత్రి అన్నాల దగ్గర ఎవరం మాట్లాడలేదు.

తర్వాత ఆ పాట గురించి చదివాను. టిమ్ మెగ్రా అంటే పాటలో గుర్తు చేసుకునే ఆ గాయకుడి పేరే. హైస్కూల్ మొదటి ఏడాది, అంటే సరిగ్గా మా అమ్మాయి క్లాసులో ఉండగా, లెక్కల పీరియడ్‌లో టేలర్‌కి ఆ ఆలోచన వచ్చిందట. తనకి ఇష్టమైన అబ్బాయి ఆ ఏడాది చివర కాలేజీకి వెళ్లిపోతాడు. లిజ్ రోజ్ అనే రచయిత్రితో కూర్చుని పాట పూర్తి చేసింది. 2006 జూన్‌లో విడుదలయ్యేనాటికి తనకి 16 ఏళ్లు. అమెరికాలో పాటలకి ర్యాంకులిచ్చే బిల్‌బోర్డ్ వాళ్ల కంట్రీ సంగీతం చార్టులో 6వ స్థానం దాకా వెళ్లింది. తన పాటల కోసమే ఆ ఇంటివాళ్లు పెన్సిల్వేనియా వదిలి నాష్‌విల్ పక్కన హెండర్సన్‌విల్‌కి మారారు. పిల్లల కోసం ఊరు మారడమంటే ఏమిటో మాకు బాగా తెలుసు. ఆ పిల్ల మనసులో మాట రాసుకుంటే ఇంట్లో ఎవరూ కాగితం లాక్కోలేదు. నేను ఆగిపోయింది అక్కడే.

ఎందుకంటే మా ఇంట్లో లాక్కున్నారు. రాజమండ్రిలో మా నాన్నగారు పొద్దున్నే వివిధభారతి పెట్టేవారు. ప్రేమ పాటలు ఎన్ని వచ్చినా ఎవరికీ టెన్షన్ లేదు, అవి సినిమావాళ్లవి. అక్క ఇంటర్‌లో ఉండగా నోట్సు వెనక పేజీలో తను రాసుకున్న నాలుగు వరుసలు దొరికాయి. ఎవరి మీదా అని మూడు రోజులు అడిగారు. అక్క చెప్పలేదు. ఆ పేజీ పొయ్యిలో పడింది. అక్క మళ్లీ ఏమీ రాయలేదు. "ఎవరి గురించే" అని తలుపు దగ్గర నేనడిగిన గొంతు అచ్చం నాన్నగారిదే.

భయం పోయిందని చెప్పను. రాత్రి పది తర్వాత ఫోన్ హాల్లోనే ఉండాలి, డేటింగ్ ఇప్పుడే వద్దు. ఆ మాట మీద ఇప్పటికీ ఉన్నాం. దానికి కోపం వస్తుంది, వాదిస్తుంది. కానీ తలుపు ఇప్పుడు ఓరగా వేసి ఉంటుంది.

ఉగాదికి అక్కతో వీడియో కాల్ మాట్లాడుతుంటే మా అమ్మాయి గిటార్ తెచ్చి పెద్దమ్మకి పాట వినిపించింది. ఈసారి తను సొంతంగా రాసుకున్నది, సగమే అయింది. అక్కకి ఇంగ్లీషు పాటలు అంతగా అర్థం కావు. అయినా చివరిదాకా కదలకుండా వింది.

"మాటలు నువ్వే రాశావా తల్లీ?"

"అవును పెద్దమ్మా."

"ఆ కాగితం జాగ్రత్తగా దాచుకో" అంది అక్క.