ఫంటు ఆగేలోపే బయల్దేరాలి: దివిసీమలో యూనివర్సిటీ పిల్లలతో

విజయవాడ నుంచి దివిసీమకు రెండు దార్లున్నాయి. కృష్ణ పక్కనే కరకట్ట మీదుగా పోవచ్చు, లేదంటే ఉయ్యూరు, పామర్రు, కూచిపూడి, చల్లపల్లి మీదుగా పోవచ్చు. మాది రెండో దారి. బస్సు నిండా యూనివర్సిటీ పిల్లలు, వాళ్ళ కాళ్ళ దగ్గర తాళ్ళు, లైఫ్ జాకెట్లు, మడత స్ట్రెచర్లు, చార్టు పేపర్ల చుట్టలు. సోషల్ వర్క్ చదివేవాళ్ళు, జాగ్రఫీ వాళ్ళు, సివిల్ ఇంజనీరింగ్ వాళ్ళు, అందరూ ఎన్ఎస్ఎస్‌లో ఉన్నవాళ్ళే. తుపాన్ల కాలం మొదలవకముందే సముద్రం పక్క పంచాయతీల్లో వార్డు మెంబర్లకు, డ్వాక్రా మహిళలకు, వేటకెళ్ళే కుర్రాళ్ళకు శిక్షణ ఇవ్వాలని వాళ్ళ ప్రొఫెసర్ మేడమ్ ప్రయత్నం. నేను నర్సింగ్ పాఠాలు చెబుతాను కాబట్టి ప్రథమ చికిత్స భాగం నాకు అప్పజెప్పారు. ఇక్కడ నేను రాయాలనుకున్నది మాత్రం ప్రథమ చికిత్స గురించి కాదు, ఒక జాబితా గురించి.

మోపిదేవి దాటాక పులిగడ్డలో మేడమ్ బస్సు ఆపించారు. 1977 నవంబర్ 19 ఉప్పెనలో పోయినవాళ్ళ స్మారక స్థూపం అక్కడుంది. అధికారిక లెక్కే పది వేల దాకా ఉంటుంది, అసలు లెక్క అంతకంటే చాలా ఎక్కువని దివిసీమలో ఎవర్ని అడిగినా చెబుతారు. పిల్లల్లో ఎవరూ అప్పటికి పుట్టలేదు, కొందరి తల్లిదండ్రులు కూడా పుట్టి ఉండరు. జాగ్రఫీ చదివే ఒకమ్మాయి అక్కడే నిలబడి, గాలి కంటే నీళ్ళే ఎక్కువమందిని ఎందుకు చంపాయో చెప్పింది. ఈ డెల్టా ముందు సముద్రం లోతు తక్కువ, తుపాను గాలి నెట్టుకొచ్చిన నీళ్ళకు పోయే చోటు లేక అలాగే లేచి ఊళ్ళమీదికి ఎక్కేస్తాయి, అదే సమయానికి పోటు కూడా ఉంటే ఇక చెప్పక్కర్లేదు. ఆ రోజు నీళ్ళు ఐదారు మీటర్ల ఎత్తున వచ్చాయి. ఆ అమ్మాయి మాటలు వింటూ పక్కనున్న ఆటో డ్రైవర్లు కూడా దగ్గరికొచ్చారు.

అవనిగడ్డ, నాగాయలంక దాటి మేం దిగిన పంచాయతీ పేరు రాయడం లేదు. అక్కడ బయటపడిన లోపాలు ఆ ఒక్క ఊరివే కావు, పేరు రాస్తే మాట పడేది ఆ ఒక్క ఊరే.

మొదటి క్లాసు హెచ్చరికల మీద. ఇప్పుడు వాతావరణ శాఖ చాలా ముందే చెబుతోంది. తీరంలో గాలివాన మొదలవడానికి 72 గంటల ముందు తొలి సూచన, 48 గంటల ముందు అలర్ట్, 24 గంటల ముందు అసలు హెచ్చరిక. ఫోన్లకు మెసేజ్‌లు వస్తాయి, టీవీల్లో రోజంతా అదే. ఓడరేవుల్లో ఎగరేసే ప్రమాద సూచికల దగ్గర మాత్రం గది మొత్తం ఆశ్చర్యపోయింది. ఎనిమిది కంటే తొమ్మిది, తొమ్మిది కంటే పది పెద్ద ప్రమాదమనే అక్కడ అందరూ అనుకుంటున్నారు, నేనూ అలాగే అనుకునేదాన్ని. నిజానికి ఎనిమిది, తొమ్మిది, పది మూడూ తీవ్ర తుపానుకే ఎగరేస్తారు, తేడా అల్లా అది రేవుకు ఏ పక్కగా తీరం దాటుతుందన్నదే, రేవు మీదుగా గానీ బాగా దగ్గర్లో గానీ దాటితే పది. అవి ఓడల వాళ్ళ కోసం పెట్టిన గుర్తులు. "అయితే ఎనిమిదో నంబరేలే అని కూర్చోకూడదన్నమాట" అన్నారు వెనక వరసలోంచి ఒక పెద్దాయన. ఆ క్లాసులో అంతకంటే ముఖ్యమైన మాట లేదు.

మధ్యాహ్నం రామాలయం ముందు ఖాళీ స్థలంలో ముగ్గుపిండితో ఊరి పటం గీయించారు. ఇది నాకు బాగా నచ్చింది. గీసింది పిల్లలు కాదు, ఊరివాళ్ళే. మొదట మగవాళ్ళు గీశారు, రోడ్డు, గుడి, గ్రామ సచివాలయం, స్కూలు, తుపాను షెల్టర్, అయిపోయిందన్నారు. తర్వాత మేడమ్ ఆడవాళ్ళ చేతికి పిండి ఇచ్చారు. వాళ్ళు బోరింగులు పెట్టారు, వానొస్తే మోకాటి లోతు నీళ్ళు నిలిచే సందు పెట్టారు, మంచం దిగలేని ముసలమ్మ ఉన్న ఇల్లు పెట్టారు, కాన్పుకు పుట్టింటికొచ్చిన అమ్మాయి ఇల్లు పెట్టారు, కాలవ గట్టు మీద యానాదుల గుడిసెలు పెట్టారు. సర్పంచ్ గారు కూడా ఆడమనిషే. పొద్దున అంతా ఆవిడ భర్తే మాట్లాడాడు, పటం దగ్గర మాత్రం ఆవిడ చీర కొంగు దోపుకుని కూర్చుని ఒక్కో ఇంటికి గుర్తు పెట్టిస్తుంటే ఆయన పక్కన నిలబడి పిండి అందించాడు.

ఆ పటం పట్టుకుని పిల్లలు ఇద్దరేసి చొప్పున ఇల్లిల్లూ తిరిగి జాబితా తయారు చేశారు. ఎవరిని ఎత్తుకుని తీసుకెళ్ళాలి, ఎవరికి రోజూ మందులు కావాలి, ఎవరికి చెవులు వినపడవు, ఎవరి దగ్గర ట్రాక్టరుంది, ఎవరి పడవకు ఇంజనుంది. ఇలాంటి జాబితా పంచాయతీ ఆఫీసులో ఇంతకుముందే ఒకటుంది. తీసి చూస్తే అందులో కొందరు చనిపోయారు, కొందరు పిల్లల దగ్గరికి హైదరాబాద్ వెళ్ళిపోయారు, అప్పట్లో నడవగలిగిన వాళ్ళు ఇప్పుడు నడవలేరు. పాత జాబితా ఉంటే ఏదో ఒకటి ఉందిగదా అని ధైర్యం వస్తుంది చూడండి, ఆ ధైర్యమే ప్రమాదం. తుపాను రాత్రి ఇద్దరు కుర్రాళ్ళు లేని మనిషి కోసం తలుపు కొడుతూ నిలబడితే, ఉన్న మనిషి ఇంకో వీధిలో ఉండిపోతుంది. ఏఎన్ఎం, ఆశా కార్యకర్త, సచివాలయం సిబ్బంది అందరూ ఉన్నారు, కానీ ఒక్కొక్కరి దగ్గర ఒక్కో ముక్క ఉంది, వాటిని ఒకచోట కలిపి కూర్చోబెట్టే తీరిక ఎవరికీ లేదు. యూనివర్సిటీ వల్ల ఊరికి నిజంగా ఒరిగేది ఇక్కడేనని నాకనిపించింది, ఉపన్యాసాల దగ్గర కాదు. కాళ్ళకు బలముండి, ఏటేటా కొత్త బ్యాచ్ వచ్చే చోటు అదొక్కటే.

ఊరి చివర, సముద్రం వైపు, రొయ్యల చెరువులు. సాయంత్రం అటు నడిచాం. గట్ల మీద చిన్న చిన్న షెడ్లు, వాటిలో రాత్రింబవళ్ళు కాపలా ఉండేవాళ్ళు. చాలామంది వేరే జిల్లాల నుంచి వచ్చినవాళ్ళు, కొందరు భార్యాపిల్లలతో సహా ఉంటున్నారు. ఊళ్ళో వాళ్ళకు ఓటు లేదు, రేషన్ కార్డు లేదు, మధ్యాహ్నం గీసిన పటంలోనూ వాళ్ళు లేరు. సముద్రానికి అందరికంటే దగ్గరగా నిద్రపోయేది మాత్రం వాళ్ళే. "తుపానొస్తే ఏం చేస్తావు తమ్ముడూ" అని అడిగితే ఒకతను "ఓనర్ ఫోన్ చేస్తే వెళ్తామండీ" అన్నాడు. ఫోన్ చేయకపోతే అని అడిగితే "ఏరియేటర్లు, జనరేటర్ వదిలేసి ఎలా వెళ్తామండీ" అన్నాడు. ఏరియేటర్లంటే చెరువు నీళ్ళలో గాలి కలిపే యంత్రాలు. ఆ రాత్రి సోషల్ వర్క్ పిల్లలు జాబితాకు కొత్త పేజీ కలిపి పైన 'చెరువుల కాపలాదారులు' అని రాశారు.

మర్నాడు షెల్టర్ చూశాం. స్తంభాల మీద ఎత్తుగా కట్టిన గట్టి భవనం, ఆ పనికి వంక పెట్టడానికి లేదు. సివిల్ పిల్లలు నీళ్ళ ట్యాంకు, మరుగుదొడ్లు, మెట్లు చూసి రాసుకున్నారు. మరుగుదొడ్లలో నీళ్ళు రావడం లేదు, మోటారు పాడైంది. తాళం ఎవరి దగ్గరుందో తేలడానికి చాలాసేపు పట్టింది. ఇంకో విషయం, గేదెలకు చోటు లేదు. గేదెల్ని వదిలి రాలేకే ముసలివాళ్ళు ఇళ్ళలో ఉండిపోతారని ఒక పెద్దమ్మ చెప్పింది, "పాలిచ్చే దాన్ని కట్టుగొయ్యకి వదిలేసి నేనెట్టా వస్తానమ్మాయ్" అంది. అదే షెల్టర్ పక్కనున్న మెరక పొలం పశువులకు వాడుకోవడానికి అక్కడికక్కడే రైతు ఒప్పుకున్నాడు. కట్లు విప్పి వదిలే పని ఏ వీధికి ఎవరిదో పేర్లు కూడా రాసుకున్నారు.

తర్వాత డబ్బు సంగతి. అందరూ విసుక్కునే క్లాసు ఇదే అవుతుందనుకున్నా, కానీ ఎక్కువ ప్రశ్నలు వచ్చింది ఇక్కడే. రాజ్యాంగం పదకొండో షెడ్యూల్లో పంచాయతీలకు ఇచ్చిన 29 అంశాల్లో విపత్తుల మాట లేదు. దాంతో ఇది రెవెన్యూ వాళ్ళ పనిలే అని పంచాయతీలు వదిలేస్తాయి. కానీ 2022లో కేంద్ర పంచాయతీరాజ్ శాఖే విపత్తు నిర్వహణ ప్రణాళిక విడుదల చేసి, గ్రామస్థాయి ప్రణాళికలు తయారు చేసుకోవాలని చెప్పింది. 2021-26 కాలానికి వచ్చిన 15వ ఆర్థిక సంఘం నిధుల్లో 60 శాతం తాగునీరు, పారిశుద్ధ్యానికే ఖర్చు పెట్టాల్సి ఉండేది, మిగతా 40 శాతం జీతాలకు తప్ప స్థానిక అవసరాలకు వాడుకునే వీలుండేది. మేడమ్ బోర్డు మీద ఈ లెక్క వేసి, "షెల్టర్లో నీళ్ళ మోటారు, మరుగుదొడ్ల రిపేరు ఏ పద్దులో రాస్తారు?" అని అడిగారు. వార్డు మెంబర్లు గుసగుసలాడుకున్నారు. సర్పంచ్ గారే "60లోనే అండి, అది తాగునీళ్ళే కదా" అన్నారు. మెగాఫోను, టార్చిలైట్లు, తాళ్ళు, జనరేటర్ డీజిల్ రెండో పద్దు. గ్రామసభలో తీర్మానం చేసి పంచాయతీ అభివృద్ధి ప్రణాళికలో ఎక్కిస్తేనే ఇదంతా జరుగుతుంది, నోటి మాటకు బిల్లు కాదు. పంచాయతీ కార్యదర్శి అప్పటికప్పుడే తీర్మానం ముసాయిదా రాయడం మొదలుపెట్టారు, చదివి వినిపిస్తుంటే తాళం రెండు ఉండాలి, ఒకటి షెల్టర్ ఎదురింట్లో ఉండాలి అని ఆడవాళ్ళు చేర్పించారు.

నా క్లాసు సంగతి క్లుప్తంగా చెబుతా. వరద తర్వాత ఇక్కడ భయమంతా పాముల గురించే. కాటు పైన తాడు బిగించి కట్టొద్దు, కోయొద్దు, నోటితో పీల్చొద్దు, కరిచిన కాలు కదలకుండా బద్ద కట్టి, మనిషిని నడిపించకుండా మోసుకుని ఆసుపత్రికి తీసుకెళ్ళాలి, విరుగుడు మందు అక్కడే ఉంటుంది. స్ట్రెచర్ లేకపోతే రెండు వెదురు కర్రలు, రెండు చొక్కాలతో ఎలా చేయాలో వేటకెళ్ళే కుర్రాళ్ళు ఒక్కసారి చూసి పట్టేశారు, వాళ్ళ ముళ్ళు నేను వేసిన వాటికంటే గట్టిగా ఉన్నాయి.

చివర్లో ఎదురుమొండి దీవికి వెళ్ళాం. ఏటిమొగ దగ్గర ఫంటు, అంటే నది దాటించే పెద్ద బల్లకట్టు, ఎక్కాలి, మనుషులు, బైకులు, ఆటోలు అన్నీ దాని మీదే. చుట్టూ మడ అడవులు, కృష్ణ సముద్రంలో కలవబోయే ముందు ఇంత వెడల్పున పారుతుందని చూస్తేగానీ తెలియదు. అక్కడి ఆడవాళ్ళతో మాట్లాడాక 24 గంటల హెచ్చరిక అనే మాటకు నాకు అర్థమే మారిపోయింది. గాలి ఎక్కువైతే ఫంటు తిప్పరు. అంటే దీవి మీద ఉన్నవాళ్ళకు గడువు తుపాను తీరం దాటే వేళ కాదు, ఫంటు ఆగే వేళ, అది ఎన్నో గంటల ముందే వచ్చేస్తుంది. నెలలు నిండిన గర్భిణులు, డయాలసిస్‌కు వెళ్ళేవాళ్ళు అలర్ట్ దశలోనే, ఆకాశం ఇంకా మామూలుగా ఉండగానే ఇవతలకు వచ్చేయాలి. ఎండ కాస్తుంటే ఇల్లు వదలమని ఒప్పించడం చాలా కష్టం, ఆ మాట తెలిసిన మనిషి చెబితేనే వింటారు. అందుకే ప్రతి పది ఇళ్ళకూ ఒక డ్వాక్రా అక్క పేరు రాసుకుని వచ్చారు పిల్లలు.

తిరుగు బస్సులో ఫైనలియర్ పిల్లలు జాబితా కాపీలు జూనియర్లకు అప్పగించారు. ఎండాకాలం తుపాన్ల ముందు మళ్ళీ వెళ్ళి ప్రతి ఇల్లూ సరిచూడాల్సింది వాళ్ళే. అన్ని పేజీలూ నిండాయి, కాపలాదారుల పేజీలో మాత్రం సగం గళ్ళు ఖాళీ. చెరువుల లీజుదారులు వేరే ఊళ్ళలో ఉంటారు, కొందరు ఫోన్ ఎత్తడం లేదు, ఎత్తినవాళ్ళలో కొందరు మీకెందుకండీ అంటున్నారు. దివిసీమలో చెరువు చేస్తున్నవాళ్ళు ఎవరైనా ఇది చదువుతుంటే, మీ షెడ్డులో ఉంటున్న మనిషి పేరు, వాళ్ళింట్లో ఎంతమంది ఉన్నారో, ఫోన్ నంబరు, ఈ వారమే పంచాయతీ ఆఫీసులో రాయించండి, అలర్ట్ రాగానే అన్నీ వదిలేసి వెళ్ళిపొమ్మని ఆ మనిషికి ఇప్పుడే మీ నోటితో చెప్పండి.